అచ్చు చెక్కినవాడు డిజైనర్ కాదా?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా మా వైపు ఒక కాలేజీలో జరిగిన ఫ్యాషన్ షో ఫొటో మీ జిల్లా పేజీలో చూశాను. ఫొటో బాగా వచ్చింది, పిల్లలు ఇంకా బాగా వచ్చారు. కింద పేర్లు చూస్తే ముఖ్య అతిథి గారు ఉన్నారు, ప్రిన్సిపాల్ గారు ఉన్నారు, జ్ఞాపికలు ఇచ్చిన షాపు వాళ్ళు ఉన్నారు, వేదిక మీద కుర్చీ దొరికిన ప్రతి ఒక్కరూ ఉన్నారు. ఆ బట్ట మీద కలంకారీ అద్దకం వేసినవాళ్ళు లేరు, ఆ అద్దకానికి చెక్క అచ్చు చెక్కినవాళ్ళు లేరు, ఆ మాటకొస్తే ఆ బట్టలు కుట్టిన పిల్లల పేర్లు కూడా లేవు, "విద్యార్థినులు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను బందరులో, అంటే మచిలీపట్నంలో, టైలరింగ్ షాపు నడుపుతాను, పుట్టిల్లు ఆ కలంకారీ అద్దే పెడన. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది. కత్తిరించి వేసుకున్నా ఏమీ అనుకోను, కత్తెర పని నాకూ తెలుసు.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుని తర్వాత దెబ్బలాటకి దిగుతాను. ఆ షోలో ఒకమ్మాయి నడుము దాకా వచ్చే కోటు వేసుకుంది, ఫొటోలో ఎడమ చివర సగం కట్టయిపోయింది చూడండి, ఆ అమ్మాయే. ఆ కోటు మా షాపులో మిషను మీదే కుట్టుకుంది కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. గుడ్డేమో పెడనలో పక్కన పడేసిన డ్యామేజీ పీసు. నల్ల గీత ఒకచోట పడింది, దాని లోపల నిండాల్సిన ఎరుపు రెండు పోగుల మేర పక్కకి జరిగింది, అంతే డ్యామేజీ. షాపుల వాళ్ళు అలాంటిది తీసుకోరు. ఈ పిల్ల ఆ జరిగిన పువ్వులన్నీ ఏరి జేబుల మీదకీ కాలరు మీదకీ వచ్చేట్టు కత్తిరించుకుంది, చూసినవాళ్ళు కావాలనే అలా వేయించింది అనుకుంటారు. లోపల అస్తరు వాళ్ళ అమ్మమ్మ మంగళగిరి చీర. చీర నడుమంతా చివికిపోయింది గాని జరీ అంచు గట్టిగా ఉంది. ఆ అంచుని చేతుల చివర లోపలికి తిప్పి కుట్టింది, చేతులు మడిస్తే జరీ బయటికి వస్తుంది, దించితే ఎవరికీ కనపడదు. గుండీలు కూడా కొనలేదు, మిగిలిన పేలికలు పాత గుండీల మీద చుట్టి బిగించింది. చంక దగ్గర పీసు చాలక అతుకు పెట్టాల్సి వచ్చింది. అతుకు అనగానే మేమైతే ఎలా దాచాలా అని చూస్తాం. ఈ అమ్మాయి దాని మీద ఎర్రదారంతో పైకుట్టు వేసి మరీ చూపించింది. చదివేది ఫ్యాషన్ డిజైనింగ్ కాదండీ, బీకాం.

యాంకరింగ్ చేసినాయన మాట ముందొకసారి మాట వెనకొకసారి సస్టెయినబుల్ ఫ్యాషన్ అన్నాడు. అననివ్వండి, ఆయన ఉద్యోగం అది. కానీ అదేదో మొన్ననే పారిస్ నుంచి దిగినట్టు చెబుతుంటే నా పక్కన కూర్చున్న పెద్దావిడ "ఏమిటమ్మా అదీ" అని అడిగింది. చిరగని గుడ్డ పారేయకుండా వాడుకోవడం అండీ అన్నాను. "దానికి సభ ఎందుకూ" అంది.

ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఎదిగే పిల్లకి పరికిణీ కుడితే అడుగున రెండు మడతలు పెట్టి కుట్టేవాళ్ళం, పిల్ల పొడుగైతే ఒక మడత విప్పితే సరిపోయేది, విప్పినచోట పాత గీత కనపడితే దాని మీద లేసు వేసేవాళ్ళం, చూసినవాళ్ళకి అదో కొత్త పరికిణీ. జాకెట్టుకి ఇప్పటికీ లోపల పక్కల్లో గుడ్డ వదిలి రెండు మూడు కుట్లు వేసి ఇస్తాం, ఒళ్ళు చేస్తే ఒకటి విప్పుకోండమ్మా అని చెప్పి మరీ ఇస్తాం. మీరు షాపింగ్ మాల్‌లో కొన్న రెడీమేడ్ జాకెట్టు తిరగేసి చూడండి, కుట్టు అంచునే ఓవర్‌లాక్ కొట్టేసి ఉంటుంది, విప్పడానికి నూలుపోగంత జాగా ఉండదు. అంటే రెండు కిలోలు పెరిగితే మళ్ళీ కొనాలి. అదీ వాళ్ళ లెక్క. ఇక పాత చీరలు పాతబడ్డాక బొంతల్లోకి వెళ్ళేవి, బొంతకి కూడా పనికిరానివి పసిపిల్లల పక్కగుడ్డలయ్యేవి, కొంచెం బాగున్నవి స్టీలు సామాన్లవాడికి ఇచ్చి గిన్నె తీసుకునేవాళ్ళు, ఆ గిన్నె దగ్గర జరిగే బేరం గంటసేపు. ఇప్పుడు స్టీలు సామాన్లవాడు మా వీధికి రావడం తగ్గిపోయింది. వచ్చినా పాలియెస్టర్ చీర చూసి మొహం అటు తిప్పుకుంటాడు, ఆ గుడ్డ తుడవడానికి కూడా పనికిరాదు, నీళ్ళు పీల్చదు.

కాబట్టి సస్టెయినబుల్ అన్న మాట పట్టుకుని నేను దెబ్బలాడను. నా దెబ్బలాట వేరే దాని మీద. ప్రతి ఆగస్టులోనూ మా పెడన అద్దకం వాళ్ళని వేదిక ఎక్కించి "మన ప్రాచీన వారసత్వ కళని కాపాడుతున్న కళాకారులు" అని శాలువా కప్పుతారు. దిగాక వాళ్ళు మీటరుకి ఇంత అని లెక్కగట్టే కూలీలు. ఆ రెంటికీ మధ్య ఒక మాట ఉంది, డిజైనర్ అని, అది మాత్రం వాళ్ళకి ఎవరూ ఇవ్వరు. అది హైదరాబాద్ నుంచి కారులో వచ్చి గుడ్డ కొనుక్కుపోయిన వాళ్ళకి దక్కుతుంది. ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే పెడనలో పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి.

బందరు నుంచి గుడివాడ రైలెక్కితే దారిలో తగిలే చిన్న ఊరు పెడన. మచిలీపట్నం కలంకారీ అని పేరు బందరుది, పని ఎక్కువగా పెడనది. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, మా దగ్గర టేకు అచ్చులతో అద్దుతారు. గుడ్డని ముందు బాగా ఉతికి కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు, అందుకే అసలు కలంకారీ గుడ్డకి నేల, అంటే బొమ్మల వెనక కనపడే గుడ్డ, కొంచెం పసుపు కలిసిన గోధుమ రంగుగా ఉంటుంది. నలుపు ఎక్కడిదంటే, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడితే వచ్చే నీళ్ళు. ఆ నీళ్ళు విడిగా చూస్తే నలుపేం కాదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నల్లబడతాయి. ఎరుపు సంగతి ఇంకా తమాషా. అద్దేటప్పుడు ఎరుపు అద్దరు, జిగురులో కలిపిన పటిక అద్దుతారు. పటికకి రంగు లేదు, అచ్చు ఎక్కడ పడిందో తెలియదని కనపడటానికి మాత్రం కాస్త రంగు కలుపుతారు, అది ఉతుకులో పోతుంది. ఆ గుడ్డని కాలవ నీళ్ళలో ఝాడించి, పెద్ద రాగి డేగిసాలో సురుడు చెక్క, జాజి ఆకు వేసి ఎర్రరంగులో ఉడకబెడితే, పటిక పడినచోటే రంగు పట్టుకుంటుంది, మిగతాచోట్ల ఉతికితే పోతుంది. అంటే అద్దేవాడు కనపడని బొమ్మ వేసుకుంటూ పోతాడు, అది డేగిసాలోంచి పైకి తీసినప్పుడు గాని బయటపడదు. పసుపుకి కరక్కాయ పువ్వో దానిమ్మ తొక్కో, నీలానికి నీలిమందు.

ఇక చెయ్యి సంగతి. మామూలు చీర ఐదున్నర మీటర్లు, పన్నా, అంటే వెడల్పు, నలభై నాలుగు అంగుళాలు. అచ్చు ఆరంగుళాలది అనుకుందాం. అడ్డంగా ఏడు దెబ్బలు, పొడుగునా ముప్పై ఆరు వరసలు, అంటే ఒక్క రంగుకే 252 సార్లు అచ్చు ఎత్తి, రంగులో ముంచి, జాగా చూసి పెట్టి, అచ్చు వీపు మీద పిడికిలితో కొట్టాలి. మూడు రంగులైతే 756. కొలత గీతలేమీ ఉండవు, కంటి లెక్కే. రెండో అచ్చు మొదటి దాని లోపల కూర్చోవాలి, ఒక్క దెబ్బ తప్పితే పైన చెప్పిన డ్యామేజీ పీసు. వాన పడితే పని లేదు, ఎండ లేకపోతే పని లేదు, వేసవిలో కాలవలు కట్టేస్తే ఉతుక్కి నీళ్ళు లేవు. మరి వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి మాత్రం ఈ మూడు కాలాల్లోనూ వెలగాలి కదా.

అచ్చులు చెక్కేవాళ్ళ గురించి ఇంకా తక్కువమందికి తెలుసు. టేకు చెక్కని నున్నగా చిత్రికపట్టి, దాని మీద బొమ్మ దించి, సన్నని ఉలితో చుట్టూ చెక్కుకుంటూ పోతారు, చివరికి బొమ్మ గీత మాత్రం పైకి నిలబడాలి. పల్చటి గీత అయితే గోరు మందం కూడా ఉండదు, ఒక్కచోట విరిగితే చెక్క అవతల పారేయాల్సిందే. ఒక డిజైనుకి ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు, ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవాలి. వెనక నుంచి బెజ్జాలు పెడతారు, గాలి పోవడానికి, లేకపోతే రంగు లోపల చిక్కుకుని బుడగ పడుతుంది. ఇదంతా ఒక ఎత్తు, అసలు తెలివి ఇంకొకచోట ఉంది: అచ్చు కుడి అంచులో తెగిన తీగ పక్కన పడే అచ్చు ఎడమ అంచులో మొదలవ్వాలి, పై అంచుది కింద అంచుకి కలవాలి, లేకపోతే చీరంతా గళ్ళుగళ్ళుగా అతుకులు కనపడతాయి. కాగితం మీద అందమైన నెమలిని ఎవరైనా గీస్తారు. దాన్ని ఆరంగుళాల చెక్కలో ఇరికించి, నాలుగు వైపులా కలిసేట్టు, రంగుకో చెక్కగా విడగొట్టి ఆలోచించడం డిజైనింగ్ కాకపోతే మరేమిటో ఫ్యాషన్ కాలేజీల వాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు జరిగేది చెబుతాను, ఎవరి పేరూ ఎత్తను. ఊరి బయటి బొటిక్ వాళ్ళు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపుతారు, ఏదో పాత కర్టెన్ మీది పువ్వో, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మో. "ఇలాంటిది కావాలి, కొంచెం మార్చండి" అంటారు. ఆ "కొంచెం" అన్నదే మొత్తం పని. మా వాళ్ళు దాన్ని గీసి, మార్చి, అచ్చులు చెక్కి, శాంపిల్ వేసి పంపితే, రంగు మార్చమని ఒకసారి, అంచు పెంచమని ఒకసారి తిరిగి తిరిగి వస్తుంది. ఒక్కోసారి ఆర్డరు రానే రాదు, శాంపిల్ గుడ్డ మాత్రం పోయినట్టే. వచ్చిన ఆర్డరు తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రత్యక్షమవుతుంది, కింద "అవర్ న్యూ కలెక్షన్" అని, డిజైనర్ పేరు, ఫొటోగ్రాఫర్ పేరు, మేకప్ వేసినవాళ్ళ పేరు, నగలిచ్చిన వాళ్ళ పేరు. మేకప్ వాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళ పనీ పనే. కానీ రెండు గంటల్లో కడిగేసుకునే మేకప్‌కి పేరుండి, పదేళ్ళు ఆ ఇంట్లో ఉండే గుడ్డ మీద గీత గీసినవాడికి పేరు లేకపోవడం ఏం లెక్క?

ఇది ఇవాళ్టి జబ్బు కూడా కాదు. బందరు రేవుకి 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు వచ్చింది ముఖ్యంగా ఈ గుడ్డల కోసమే. ఆ ఎరుపు కోసం నిజాంపట్నం వైపు తీరంలో ఇసుక నేలల్లో పండే చిరివేరుకి పెద్ద పేరు. మన అద్దకం గుడ్డలకి యూరప్‌లో ఎంత గిరాకీ అంటే వాళ్ళ నేతగాళ్ళు గగ్గోలు పెట్టి నిషేధం తెప్పించుకున్నారు. ఫ్రాన్స్‌లో 1686 నుంచి 1759 దాకా మన గుడ్డ మీద నిషేధం, ఇంగ్లండ్‌లో 1721లో ఇంకో చట్టం. ఒకవైపు నిషేధిస్తూనే ఇంకోవైపు పని నేర్చుకున్నారు. కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఈ కోరమాండల్ తీరంలో అద్దకం పనివాళ్ళు చెప్పింది విని, ఏ రంగు ఎలా వేస్తారో పూసగుచ్చినట్టు 1742లో తన దేశానికి ఉత్తరం రాశాడు. ఆ పాదిరీ పేరు పుస్తకాల్లో ఉంది. చెప్పినవాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు? 1868లో జర్మనీలో ఇద్దరు శాస్త్రజ్ఞులు చిరివేరులో ఉండే ఆ ఎరుపునే, అలిజరిన్ అంటారు, ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు పెడనలో కూడా చాలాచోట్ల ఆ డబ్బాలో రంగే వాడతారు, చిరివేరు తవ్వేవాళ్ళు ఎక్కడున్నారు? ఇది నేను దాచను. వేదికల మీద "వందకి వంద శాతం ప్రకృతి రంగులు" అని ఊదరగొడితే రేపు ఎవరో వచ్చి తప్పుపడతారు, ఆ మచ్చ పనివాడి మీద పడుతుంది, మైకు పట్టుకున్నవాడి మీద కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా పెడన గుడ్డకి వచ్చిన లోటేం లేదు. నూలు గుడ్డ, పటిక, కరక్కాయ, బెల్లం, ఇనుము, చేత్తో అద్దకం. చిరిగాక మట్టిలో కలిసిపోతుంది. అయితే ఉతకడానికి నీళ్ళు బోలెడు పడతాయి, ఉడకబెట్టడానికి కట్టెలు పడతాయి, రంగు నీళ్ళు మళ్ళీ కాలవలోకే పోతాయి. దానికి అందరూ వాడుకునేలా ఒక శుద్ధి ఏర్పాటు కావాలి. శాలువాల ఖర్చు ఒక ఐదేళ్ళు కలిపితే దానికి పునాది పడకపోదని నా ఉద్దేశం, లెక్కలు అడక్కండి.

నకిలీల సంగతి కూడా రాయకపోతే నాకు నిద్రపట్టదు. మా షాపుకి కుట్టడానికి వచ్చే గుడ్డల్లో "కలంకారీ" అని చెప్పి ఇచ్చేవాటిలో చాలా మటుకు మిషను ప్రింట్లే. పాలియెస్టర్ మీద కంప్యూటర్ ప్రింట్ కొట్టినవి, దాని మీద బుద్ధుడి మొహమో, మన నెమలో. ఇస్త్రీ పెట్టె కొంచెం వేడెక్కితే ముడుచుకుపోతాయి. కట్టుకున్నావిడకి చెబితే బాధపడుతుందని ఒక్కోసారి నోరు మూసుకుంటాను, కానీ అడిగితే దాచను. గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. గుడ్డ తిరగేయండి, చేతి అద్దకమైతే రంగు వెనక్కి కొంత దిగి ఉంటుంది, పాలియెస్టర్ ప్రింటు వెనక తెల్లగా వెలవెలబోతుంది. అచ్చూ అచ్చూ కలిసేచోట పరిశీలనగా చూడండి, ఎక్కడో ఒకచోట గీత చిక్కబడుతుంది, ఒకచోట పలచబడుతుంది, ఏ రెండు పువ్వులూ పూర్తిగా ఒకేలా ఉండవు. నేల తళతళలాడే తెలుపు అయితే కాస్త అనుమానించండి. కొత్త గుడ్డకి ఒక వాసన ఉంటుంది, కరక్కాయ వాసన, రెండు ఉతుకులకి పోతుంది. ఉతుకు అంటే వాషింగ్ మెషీన్‌లో జీన్స్‌తో కలిపి తిప్పడం కాదు, చన్నీళ్ళలో విడిగా, నీడలో ఆరేసి.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. ఆ గుర్తింపు కోసం చేసిన 1999 చట్టం ప్రకారం ఆ పేరు తప్పుగా వాడితే జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. కానీ "కలంకారీ ప్రింట్", "కలంకారీ స్టైల్" అని రాసి గోడ దూకేస్తారు. ఎవరు పట్టుకోవాలి? ఎండలో నిలబడి 756 దెబ్బలు కొట్టేవాడు కోర్టుకి వెళ్తాడా? అందులోనూ పన్నుల లెక్క ఒకటి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన బట్ట ధర 2,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. పాలియెస్టర్ కుర్తా ఎప్పుడూ ఆ గీతకి కిందే ఉంటుంది. పైన చెప్పిన కోటుకి, ఆ పిల్ల పడిన పాటుకి, అద్దినవాళ్ళ కూలికి న్యాయంగా ధర కడితే గీత దాటుతుంది. చేతిపనికి ఎక్కువ పన్ను, మిషను పనికి తక్కువ పన్ను అని ఎవరూ చట్టంలో రాయలేదు, ఆచరణలో మాత్రం అలాగే తయారైంది. మన ఎంపీలు ఆగస్టు 7న చేనేత కండువా కప్పుకుని ఫొటో దిగుతారు కదా, ఈ ముక్క కూడా ఢిల్లీలో ఒకసారి అడిగితే బాగుంటుంది.

పిల్లలు ఈ పనిలోకి రావట్లేదు అని సభల్లో బాధపడుతుంటారు. ఎందుకొస్తారండీ? మా పెడన వాళ్ళ పిల్లలు చదువుకున్నారు, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఏసీ గదిలో నెలజీతం ఉంది. ఇక్కడ అచ్చు చెక్కడం చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది, వచ్చాక కూడా చేసిన పనికింత లెక్క. డబ్బు ఒకటే కాదు, పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు" అంటే "అద్దకం పని" అనడానికి పెద్దవాళ్ళే నసుగుతారు. అదే "టెక్స్‌టైల్ డిజైనర్" అంటే? పని అదే. బతికున్న మనుషుల పనిని వారసత్వం అని మ్యూజియంలో పెట్టి మాట్లాడుతున్నంత కాలం ఏ కుర్రాడూ ఆ గదిలోకి రాడు. హైదరాబాద్ నిఫ్ట్ లాంటి ఫ్యాషన్ కాలేజీల నుంచి విద్యార్థులు కెమెరాలతో వస్తారు, మర్యాదస్తులే, కాఫీ ఇస్తే తాగి గ్లాసు కడిగి పెట్టి పోయిన పిల్లల్ని కూడా చూశాను. వచ్చి అన్నీ రాసుకుని, ఫొటోలు తీసుకుని ప్రాజెక్టు పుస్తకం చేసుకుంటారు. ఆ పుస్తకం కాపీ ఒకటి పెడనకి తిరిగి పంపించండి అని వాళ్ళ మేష్టర్లని ఈ ఉత్తరం ద్వారా అడుగుతున్నాను. అందులో ఏ అచ్చు ఎవరు చెక్కారో రాయండి. రేపు ఎవరైనా "ఈ డిజైను మాది" అని వచ్చినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

బొటిక్ వాళ్ళకి కూడా ఒక మాట. మీరు పెట్టుబడి పెడుతున్నారు, మార్కెట్ చూస్తున్నారు, అరువులు మోస్తున్నారు, కాదనను. మీరు లేకపోతే గుడ్డ పెడన దాటదు. మీ ట్యాగు మీద మీ పేరు ఎంత పెద్దదైనా వేసుకోండి, దాని కింద చిన్న అక్షరాల్లో అచ్చు ఫలానావారిది, అద్దకం ఫలానావారిది, కుట్టు ఫలానావారిది అని మూడు పేర్లు వేయండి. నర్సాపురం లేసు కొనేవాళ్ళకి, పోచంపల్లి చీర కొనేవాళ్ళకి కూడా ఇలాంటిది ఎంత బాగుంటుందో ఆలోచించండి. అంతకుమించి శాంపిల్‌కి డబ్బులివ్వండి. ఆర్డరు ఇచ్చినా ఇవ్వకపోయినా. మీ ఆర్కిటెక్టుకి ప్లాను గీసినందుకు ఇస్తారు కదా, ఇల్లు కట్టినా కట్టకపోయినా.

కాలేజీ వాళ్ళు వచ్చే ఏడు కూడా ఈ షో చేస్తారనుకుంటాను, చేయాలి కూడా, ఎందుకంటే మా పిల్లలకి బట్ట మీద ఇంత ఆలోచన ఉందని నాకే ఈ షో వల్ల తెలిసింది. బందరంటే లడ్డూ, చిలకలపూడి గిల్టు నగలు అని చెప్పుకోవడమే గాని, ఇక్కడి పిల్లలు కొత్తగా ఏం చేస్తున్నారో చూసే చోటే లేదు. ఒక్కటే అడుగుతాను, జడ్జీలుగా సినిమా వాళ్ళనో టీవీ వాళ్ళనో వెతక్కండి. ఒక అచ్చు చెక్కేవాళ్ళని, ఒక అద్దకం వేసేవాళ్ళని కూర్చోబెట్టి, మార్కులు వాళ్ళ చేత వేయించండి. వాళ్ళకి ఆ రోజు కూలి పోతుంది కాబట్టి శాలువా బదులు కవరు ఇవ్వండి. పిల్లలు వేసుకొచ్చిన గుడ్డ అసలుదో నకిలీదో దూరం నుంచే చెప్పేస్తారు, షోకి అదో మజా.

టైలర్లకి చివరిగా. మన షాపుల్లో బల్ల కింద పేలికల సంచి ఉంటుంది, నిండితే చెత్తబండికి వేస్తాం. కలంకారీ, మంగళగిరి, ఏ నూలు గుడ్డ ముక్కైనా అరచేయంత ఉంటే చాలు, విడిగా ఒక సంచిలో వేసి ఉంచండి. ఆ కోటు కుట్టిన అమ్మాయి, తన స్నేహితురాళ్ళు ఇప్పుడు ముక్కలతో బొంతలూ సంచులూ మొదలుపెట్టారు, దసరా సెలవులకి మా షాపులో రెండు మిషన్లు వాళ్ళకి వదిలేస్తానన్నాను. పాలియెస్టర్ ముక్కలు మాత్రం కలపకండి, ఇస్త్రీ చేసేటప్పుడు పక్క గుడ్డకి అంటుకుని రెండూ పాడవుతాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక టైలరు,
మచిలీపట్నం